నీళ్ళలోకి గాలి ఎంత వేగంగా దిగుతుంది: ఒక తొట్టి చెప్పేదీ, చెప్పలేనిదీ

ఒడిశాలోని గంజాం జిల్లాలో రంభ దాటి చిలికా సరస్సు ఒడ్డు వైపు వెళ్తే ఉప్పునీటి రొయ్యల చెరువులు కనిపిస్తాయి. వాటిలో ఒకదాన్ని సాగు చేసే తెలుగు రైతు ఒకాయన, బరంపురంలో రసాయనశాస్త్రం పాఠాలు చెప్పుకునే నన్ను ఒకసారి ఇలా అడిగాడు: "మాస్టారూ, ఫ్యాన్లు తిప్పకపోతే గాలి దానంతటదే గంటకి ఎంత దిగుతాది నీళ్ళలోకి? లెక్క ఒకటి చెప్పండి." ఆయన ఫ్యాన్లు అన్నది చెరువులో నీటిని చిలికే తెడ్డు చక్రాల ఏరేటర్లను. తెల్లవారుజామున డీఓ, అంటే నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్, పడిపోయి రొయ్యలు పైకి తేలడం ఒక్కసారి చూసినవాడికి ఈ ప్రశ్న రాకుండా ఉండదు. కరెంటు బిల్లు కట్టేవాడికైతే మరీను.

ప్రశ్న ఒక్క వాక్యమే గానీ, అందులో ఒక నమ్మకం దాగి ఉంది. పాలకు చిక్కదనం ఉన్నట్టు, ఇనుముకు బరువు ఉన్నట్టు, నీటికి కూడా గాలిని పీల్చుకునే వేగం ఒకటి స్థిరంగా ఉంటుందనీ, దాన్ని ప్రయోగశాలలో ఎవరో కొలిచి పట్టికలో రాసిపెట్టి ఉంటారనీ ఆ నమ్మకం. నా విద్యార్థులు కూడా చాలామంది అలాగే అనుకుంటారు; చదువుకునే రోజుల్లో నేనూ అలాగే అనుకున్నాను. అటువంటి పట్టిక లేదు, ఉండే అవకాశమూ లేదు. ప్రయోగశాలలో మనం కొలిచే వేగం ఆ తొట్టిది, ఆ రోజు ఆ నీరు కదిలిన తీరుది. మరి అటువంటి కొలత వల్ల తొట్టి బయట ఉన్నవాళ్ళకు ఏం ప్రయోజనమన్నదే ఇక్కడ విడమరచవలసిన చిక్కు.

గాలికీ నీటికీ మధ్య వాయువు మారడాన్ని నిర్ణయించేవి రెండు. ఒకటి, నీరు ఎంత వాయువును పట్టుకోగలదు, ఇప్పటికి ఎంత పట్టుకుని ఉంది అన్న తేడా. రెండోది, ఆ తేడాను పూడ్చే వేగం. మొదటిదాని సంగతి 1803లోనే విలియం హెన్రీ తేల్చాడు: స్థిరమైన ఉష్ణోగ్రత దగ్గర, నీటిలో కరిగే వాయువు పరిమాణం ఆ నీటిపై ఆ వాయువు చూపే పీడనానికి అనులోమంగా ఉంటుంది. మామూలు గాలి కింద మంచినీరు 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9.09 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను, 25 డిగ్రీల దగ్గర 8.26, 30 డిగ్రీల దగ్గర 7.56 మిల్లీగ్రాములను పట్టుకుంటుంది. దీన్నే సంతృప్త స్థాయి అంటాం. ఉప్పు పెరిగితే ఇది తగ్గుతుంది. 25 డిగ్రీల సముద్రపు నీటిలో ఇది 6.75 దగ్గర ఆగుతుంది. ఎత్తు పెరిగినా తగ్గుతుంది. సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉన్న కోరాపుట్‌లో ఒక బకెట్ నీటిని, గోపాలపూర్ తీరంలో అదే ఉష్ణోగ్రత దగ్గర మరో బకెట్ నీటిని పెడితే, కోరాపుట్ బకెట్ సుమారు పదో వంతు తక్కువ ఆక్సిజన్‌తోనే తృప్తి పడుతుంది. గాలి పీడనంలో తేడాయే అందుకు కారణం. ఇదంతా పట్టికల్లో దొరికే విషయమే కాబట్టి దీని దగ్గర ఎక్కువసేపు ఆగనవసరం లేదు. ఒక్క హెచ్చరిక మాత్రం చేస్తాను: ప్రయోగాల్లో వచ్చే తప్పులలో నేను చూసినవి చాలావరకు వేగం కొలవడంలో జరిగినవి కావు, ఏ సంతృప్త స్థాయితో పోల్చాలో తప్పుగా తీసుకోవడంలో జరిగినవే.

ఇక వేగం. దీని ప్రమాణం కొత్తగా చూసేవారికి వింతగా తోస్తుంది, ఎందుకంటే దీన్ని గంటకు ఇన్ని సెంటీమీటర్లని చెబుతారు. వాయువు ఏదో నడిచి వెళ్తున్నట్టు వినిపించినా అర్థం సులువే. వేగం గంటకు 3 సెంటీమీటర్లు అంటే, ప్రతి గంటా 3 సెంటీమీటర్ల మందం గల నీటి పొర పూర్తిగా గాలితో సమతౌల్యానికి వచ్చినంత మార్పిడి ఆ నీటి ఉపరితలం గుండా జరుగుతోందని. ఈ వేగాన్ని తేడాతో గుణిస్తే ఒక చదరపు మీటరు గుండా గంటకు ఎంత వాయువు దాటుతోందో వస్తుంది. తేడా లీటరుకు 4 మిల్లీగ్రాములు, వేగం 3 సెంటీమీటర్లు అయితే చదరపు మీటరుకు గంటకు 0.12 గ్రాములు, హెక్టారు చెరువుకు గంటకు 1.2 కిలోలు.

ఈ వేగం ఇంత తక్కువగా ఉండడానికి కారణం నీటి పైన ఉండే పలుచని చర్మం. గాలిలోనూ, నీటి లోపలా వాయువును మోసుకుపోవడానికి సుడులు, ప్రవాహాలు ఉంటాయి. ఉపరితలానికి మరీ దగ్గరగా వచ్చేసరికి ఆ సుడులు చచ్చిపోతాయి. అక్కడ అణువులు ఒకదాన్నొకటి ఢీకొంటూ తడబడుతూ పోవలసిందే. దానికే వ్యాపనమని పేరు. కార్బన్ డయాక్సైడ్ వంటి వాయువు నీటిలో వ్యాపించే తీరు గాలిలో వ్యాపించే తీరుకంటే సుమారు పదివేల రెట్లు నెమ్మది. ఏ సుడీ సాయం చేయకుండా ఒట్టి వ్యాపనం మీదే ఆధారపడితే ఉపరితలం దగ్గరి ఆక్సిజన్ ఒక మీటరు లోతుకు చేరడానికి ఏళ్ళు పడుతుంది. అలా జరగకపోవడానికి కారణం, ఆ తడబడే దూరం చాలా చిన్నది కావడం. గంటకు 3 సెంటీమీటర్ల వేగం నుంచి వెనక్కి లెక్క వేస్తే ఆ చర్మం మందం పావు మిల్లీమీటరు తేలుతుంది. వేగం 20 సెంటీమీటర్లకు పెరిగితే 0.04 మిల్లీమీటర్లకు పడిపోతుంది. చిలికా అంత సరస్సు గాలితో చేసే లావాదేవీ అంతా వెంట్రుక మందానికి కాస్త అటూ ఇటూ ఉన్న పొర చేతిలో ఉందన్నమాట.

ఈ చిత్రాన్ని 1924లో లూయిస్, విట్‌మన్ అనే ఇద్దరు రసాయన ఇంజనీర్లు సిద్ధాంతంగా నిలబెట్టారు. ఉపరితలానికి గాలివైపు ఒక పొర, నీటివైపు ఒక పొర, రెండూ వాయువును అడ్డగించేవే. రైలు దిగిన జనం వెడల్పాటి వంతెన ఎక్కి, చివర ఇరుకు గేటు గుండా బయటపడవలసి వస్తే, బయటికి వచ్చే వేగాన్ని గేటే నిర్ణయిస్తుంది. వంతెనను ఎంత వెడల్పు చేసినా ఫలితం ఉండదు. నీటిలో అంతగా కరగని ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ వంటి వాయువులకు ఇరుకు గేటు నీటివైపు ఉంటుంది. అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్, నీటి ఆవిరి వంటివాటికి అది గాలివైపు ఉంటుంది. సముద్రానికి ఈ వర్గీకరణను 1974లో లిస్, స్లేటర్ అన్వయించి చూపించారు. ఇది తెలియకుండా ప్రయోగం మొదలుపెడితే ఆవిరి అయ్యే వేగాన్ని కొలిచి ఆక్సిజన్ వేగాన్ని ఊహించే పొరపాటు జరుగుతుంది. రెండు గేట్లూ వేరు.

పొర అన్న మాట సౌకర్యం కోసం వాడుతున్నదే తప్ప, అక్కడ కదలకుండా కూర్చున్న పొర ఏదీ లేదు. 1935లో హిగ్బీ, 1951లో డాంక్‌వెర్ట్స్ దీన్ని మరోలా చూశారు: కింది నుంచి తాజా నీటి ముద్దలు ఉపరితలానికి వస్తాయి, కొద్దిసేపు గాలికి ఎదురుగా ఉండి వాయువు తీసుకుంటాయి, మళ్ళీ లోపలికి దిగిపోతాయి. ఎంత తరచుగా ఈ వంతులు మారితే అంత ఎక్కువ వాయువు లోపలికి పోతుంది. వడ నూనె పీల్చుకోవడం లాంటిది కాదు ఇది. పెనం మీద అట్టును ఎంత తరచుగా తిరగేస్తున్నామన్న లెక్క లాంటిది. రెండు చిత్రాలలో ఏది నిజమన్న వాదన అనవసరమనే నా ఉద్దేశం. అయితే ఈ రెండూ ఒక చోట వేర్వేరు జోస్యాలు చెబుతాయి, ఆ తేడాను తొట్టిలో పరీక్షించవచ్చు. ఆ విషయానికి తరువాత వస్తాను.

ఇప్పుడు తొట్టి దగ్గరికి. పద్ధతి ఇది: నీటిలో ఉన్న ఆక్సిజన్‌ను ముందుగా తీసేయాలి, తరువాత అది గాలి నుంచి తిరిగి ఎలా వచ్చి చేరుతోందో సమయంతో పాటు చూడాలి. తీసేయడానికి సోడియం సల్ఫైటును వాడతారు. అది ఆక్సిజన్‌తో కలిసి సల్ఫేటుగా మారుతుంది. ఒక గ్రాము ఆక్సిజన్‌కు సుమారు 7.9 గ్రాముల సల్ఫైటు కావాలి. వంద లీటర్ల నీటిలో లీటరుకు 8 మిల్లీగ్రాముల చొప్పున ఆక్సిజన్ ఉంటే మొత్తం 0.8 గ్రాములు, దానికి 6.3 గ్రాముల సల్ఫైటు. చర్య త్వరగా సాగడానికి కోబాల్టు లవణాన్ని లేశమాత్రంగా కలుపుతారు. కోబాల్టు విషపదార్థం కాబట్టి ఆ నీటిని కాలువలో పారబోయకూడదు. వీలున్నచోట సల్ఫైటు బదులు నైట్రోజన్ బుడగలను పంపి ఆక్సిజన్‌ను తరిమేయడమే మేలు. సల్ఫైటు కాస్త ఎక్కువైతే మొదట్లో మీటరు చాలాసేపు సున్నా దగ్గరే నిలిచి ఉంటుంది, ఎందుకంటే దిగిన ఆక్సిజన్‌ను దిగినట్టే మిగిలిన సల్ఫైటు తినేస్తుంది. ఆ సమయాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

ఆ తరువాత ఆక్సిజన్ పెరగడం మొదలవుతుంది. మొదట చురుగ్గా, సంతృప్త స్థాయికి దగ్గరవుతున్న కొద్దీ మందకొడిగా. ఏ క్షణాన్నయినా పెరిగే వేగం ఇంకా మిగిలి ఉన్న లోటుకు అనులోమంగా ఉంటుంది కాబట్టి, లోటు యొక్క సహజ సంవర్గమానాన్ని సమయానికి ఎదురుగా గీస్తే సరళరేఖ వస్తుంది. ఆ రేఖ వాలును లోతుతో గుణిస్తే మనం వెతుకుతున్న వేగం. వాలు గంటకు 0.1, లోతు 30 సెంటీమీటర్లు అయితే వేగం గంటకు 3 సెంటీమీటర్లు. ఆ తొట్టిలో లోటు సగానికి తగ్గడానికి సుమారు 7 గంటలు పడుతుంది. అదే వేగంతో, 120 సెంటీమీటర్ల లోతున్న చెరువులో సగం లోటు పూడడానికి దాదాపు 28 గంటలు కావాలి. రాత్రి అంతకంటే పొట్టిది. ఇందులో ఒక చిన్న మోసం దాగి ఉంది: లోతు అంటే స్కేలు ముంచి కొలిచేది కాదు, నీటి ఘనపరిమాణాన్ని ఉపరితల వైశాల్యంతో భాగిస్తే వచ్చేది. పైకి విశాలమయ్యే ప్లాస్టిక్ టబ్బులో ఈ రెండూ ఒకటి కావు.

ఆక్సిజన్‌ను ఎలా కొలవాలన్నది మరో కథ. 1888లో వింక్లర్ కనిపెట్టిన పద్ధతి నేటికీ నమ్మదగినదే. మాంగనీస్ లవణం, క్షార అయోడైడు కలిపి ఆక్సిజన్‌ను గోధుమ రంగు మడ్డిగా పట్టేసి, ఆమ్లం పోసి అయోడిన్‌ను విడిపించి, థయోసల్ఫేటుతో అంశమాపనం (టైట్రేషన్) చేస్తారు. చివర పిండి సూచిక నీలం రంగు పోయే క్షణం చూడడంలో ఉన్న ఆనందం మీటరు అంకెల్లో లేదు. కానీ నీటిలో సల్ఫైటు మిగిలి ఉంటే అది అయోడిన్‌ను తినేసి లెక్క పాడుచేస్తుంది. 1956లో క్లార్క్ ప్రచురించిన ఎలక్ట్రోడు ఆ ఇబ్బంది తొలగించింది గానీ కొత్తది తెచ్చింది: అది కొలుస్తూ ఆక్సిజన్‌ను ఖర్చు చేస్తుంది, అందువల్ల దాని పొర ముందు నీరు కదులుతూ ఉండాలి. నిశ్చలమైన నీటిలో పెడితే తక్కువ చూపిస్తుంది. సరిగ్గా చూపించడానికి కలియబెడితే, మనం కొలవదలచిన వేగమే మారిపోతుంది. కాంతితో పనిచేసే నేటి సెన్సర్లు ఆక్సిజన్‌ను ఖర్చు చేయవు. వాటిలో ఒక రంగు పదార్థం ఇచ్చే వెలుగును ఆక్సిజన్ ఎంత ఆర్పుతోందో చూస్తారు. మా వంటి చిన్న కళాశాలలకు ఇవి అందుబాటులోకి వచ్చాక ఈ ప్రయోగం చేయించడం నిజంగా సులువైంది.

అంత సులువైన ప్రయోగంలోనే నేను బాగా దెబ్బతిన్నాను. ఒకచోట పాఠాలు చెప్పే రోజుల్లో విద్యార్థుల జట్లు అదే తొట్టి, అదే లోతు, అదే ఉష్ణోగ్రతతో చేసిన కొలతలు ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చేవి. మొదట మీటరును అనుమానించాం, తరువాత సల్ఫైటును. చివరికి దొరికిన దొంగలు ఇద్దరు. ఒకరు పైనున్న సీలింగ్ ఫ్యాను. ఉక్కగా ఉన్న రోజు తిరిగేది, లేని రోజు తిరిగేది కాదు. రెండోది కొబ్బరినూనె. తలకు నూనె రాసుకుని వచ్చిన ఒక అబ్బాయి జుట్టు సవరించుకున్న చేత్తోనే థర్మామీటరు ముంచేవాడు. నీటి మీద కంటికి కనిపించనంత పలుచని నూనె పొర చిన్న అలలను అణచివేస్తుంది, ఉపరితలం దగ్గరి సుడులను బిగించేస్తుంది. ఆ తరువాత ప్రయోగానికి ముందు తొట్టిని పొంగించి పై నీటిని ఒలకబోసే అలవాటు చేసుకున్నాం. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ పొంతన లేని అంకెలే ఆ ఏడాది మేము నేర్చుకున్న అసలు పాఠం. మేము నీటి గుణాన్ని కొలుస్తున్నామనుకున్నాం; తొట్టి మాకు ఫ్యాను గురించీ, నూనె గురించీ చెబుతూ వచ్చింది.

ఉష్ణోగ్రత సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. డిగ్రీ పెరిగిన కొద్దీ మార్పిడి వేగం సుమారు 2.4 శాతం పెరుగుతుందని ఇంజనీర్లు లెక్క వేస్తారు. కానీ మన తీర ప్రాంతంలో తొట్టి ఉపరితలం గది ఉష్ణోగ్రత దగ్గర ఉండదు. నీరు ఆవిరవుతూ పైపొరను చల్లబరుస్తుంది, చల్లబడిన నీరు బరువెక్కి కిందికి జారుతుంది, దాంతో ఎవరూ కలియబెట్టకపోయినా నీరు దానంతటదే తిరగబడుతుంది. రాత్రిపూట చెరువుల్లో జరిగేదీ ఇదే. నిశ్చలమైన నీరు అని మనం అనుకునేది నిశ్చలంగా ఉండడం చాలా అరుదు.

ఇంతకీ తొట్టి నుంచి బయటికి తీసుకుపోదగినది ఏముంది? వేగపు అంకెను తీసుకుపోలేం. ఒక వాయువు వేగానికీ, మరో వాయువు వేగానికీ మధ్య ఉండే నిష్పత్తిని తీసుకుపోవచ్చు. దీనికి ఆధారం స్మిట్ సంఖ్య అనే కొలమానం. నీటి జిగటను దాని సాంద్రతతోనూ, వాయువు వ్యాపన గుణకంతోనూ భాగిస్తే వచ్చే శుద్ధ సంఖ్య ఇది. నెమ్మదిగా వ్యాపించే వాయువుకు పెద్దదిగా ఉంటుంది. 20 డిగ్రీల మంచినీటిలో కార్బన్ డయాక్సైడ్‌కు ఇది 600, సముద్రపు నీటిలో 660. ఆక్సిజన్‌కు మంచినీటిలో అంతకంటే కొద్దిగా తక్కువ, హీలియంకు చాలా తక్కువ. అలలు లేని నున్నటి ఉపరితలం మీద మార్పిడి వేగం స్మిట్ సంఖ్య యొక్క మూడింట రెండు వంతుల ఘాతానికి విలోమంగా మారుతుంది. అలలు లేచిన ఉపరితలం మీద సగం ఘాతానికి. పొర అలాగే ఉండిపోతుందన్న పాత చిత్రం ఘాతాన్ని ఒకటి అంటుంది, వంతులు మారే చిత్రం సగం అంటుంది. పరీక్షించవచ్చని ఇందాక నేనన్న తేడా ఇదే. ఒకే తొట్టిలో, ఒకే సమయంలో, స్మిట్ సంఖ్యలు దూరంగా ఉన్న రెండు వాయువులను కొలిస్తే చాలు. కదలిక రెండింటికీ ఒకటే కాబట్టి నిష్పత్తిలో అది కొట్టివేయబడుతుంది, ఘాతం ఒక్కటే మిగులుతుంది. గోడలూ, ఫ్యాన్లూ, నూనె చేతులూ అంతగా చెరపలేని ఫలితం ఇది. ప్రయోగశాల ఈ రంగానికి ఇచ్చినవాటిలో దీన్నే నేను అన్నిటికంటే పైన పెడతాను.

కార్బన్ డయాక్సైడ్‌ను నేరుగా కొలవబోయేవారికి మరో చిక్కు ఎదురవుతుంది. ఆక్సిజన్ నీటిలో ఆక్సిజన్‌గానే ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ అలా ఊరుకోదు. నీటితో కలిసి బైకార్బొనేటుగా, కార్బొనేటుగా మారుతుంది. సముద్రపు నీటిలో కరిగి ఉన్న మొత్తం అకర్బన కార్బన్‌లో వాయు రూపంలో మిగిలేది ఒక శాతంలోపే. అందువల్ల సముద్రపు పైపొర ఆక్సిజన్ విషయంలో గాలితో సర్దుకోవడానికి నెల రోజుల కాలం చాలు, కార్బన్ డయాక్సైడ్ విషయంలో ఏడాది దాకా పడుతుంది. మార్పిడి వేగం దాదాపు ఒకటే అయినా, నింపవలసిన గాదె అంత పెద్దది. దీనికి తోడు, గాలి లేని రోజున, పీహెచ్ ఎక్కువగా ఉన్న నీటిలో, వాయువు పైపొరను దాటుతూ ఉండగానే రసాయన చర్య మొదలై మార్పిడిని వేగవంతం చేస్తుంది. నీరు జోరుగా కదిలేటప్పుడు అంత సమయం చిక్కదు కాబట్టి ఈ ప్రభావం మాయమవుతుంది. దీన్ని తప్పించుకోవడానికి ప్రయోగశాలల్లో నైట్రస్ ఆక్సైడ్‌ను వాడతారు: దాని స్మిట్ సంఖ్య కార్బన్ డయాక్సైడ్‌కు చాలా దగ్గర, పైగా అది నీటితో చర్య జరపదు. వేషం ఒకటే, చిక్కులు లేవు.

గాలి వీచినప్పుడు ఏం జరుగుతుందో చూడడానికి పెద్ద తొట్లు కట్టారు. పొడవాటి కాలువ మీద గాలిని ఒకవైపు నుంచి వీచే సొరంగం ఒక రకం. 1978లో హాంబర్గ్‌లోని అలాంటి సొరంగంలో బ్రోకర్, పీటర్‌మన్, సీమ్స్ చేసిన కొలతల్లో, గాలి వేగం పెరుగుతున్నప్పుడు చిన్న చిన్న అలలు లేచే దగ్గర మార్పిడి వేగం ఒక్కసారిగా ఎగబాకింది. నీటి మీద ఒకే అణువు మందం గల పొర పరిస్తే అలలు లేవలేదు, మార్పిడీ పెరగలేదు. మా కొబ్బరినూనె కథకు పెద్దింటి రూపం అది. చిలికా మీద గాలి వీచే రోజున కూడా నునుపుగా, మెరుస్తూ చారలు కనిపిస్తాయి. నీటిలోని జీవుల నుంచి వచ్చే జిడ్డు పదార్థాలు గాలీ ప్రవాహమూ ఒకచోటికి చేర్చిన చారలవి. ఆ చార లోపలా, వెలుపలా మార్పిడి వేగం ఒకటి కాదు.

పొడవాటి సొరంగానికి ఒక లోపం ఉంది. అల పెరగడానికి గాలి చాలా దూరం నీటి మీద పరుగెత్తాలి. సొరంగం చివరి గోడ ఆ పరుగును ఆపేస్తుంది. అందుకే జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో గుండ్రటి వలయం ఆకారంలో తొట్టి కట్టారు. సుమారు 10 మీటర్ల వ్యాసం గల ఆ వలయంలో గాలి చుట్టూ తిరుగుతూనే ఉంటుంది, అల ఎంత దూరమైనా పరుగెత్తవచ్చు. కానీ వంపు తిరిగే నీటికి బయటి గోడ వైపు నెట్టుకుపోయే స్వభావం ఉంది కాబట్టి సముద్రంలో లేని అడ్డ ప్రవాహాలు అందులో పుడతాయి. ఒక కృత్రిమత్వం పోగొట్టుకుంటే మరొకటి వచ్చి చేరుతుంది. అక్కడివారే వేడిని వాయువుకు మారుగా వాడే ఉపాయాన్ని కూడా పెంపొందించారు: ఉపరితలాన్ని వేడిచేసి, పరారుణ కెమెరాతో ఆ వేడి ఎంత త్వరగా లోపలికి పోతోందో చూస్తే, గంటల కొద్దీ ఎదురుచూడకుండా నిమిషాల్లో వేగం తెలుస్తుంది. అయితే నీటిలో వేడి వాయువుకంటే చాలా వేగంగా వ్యాపిస్తుంది. స్మిట్ సంఖ్యకు సాటిగా వేడికి ఉన్న సంఖ్య 7 ప్రాంతంలో ఉంటే కార్బన్ డయాక్సైడ్‌ది 600. అంత దూరం గెంతాలంటే ఘాతం విలువ కచ్చితంగా తెలియాలి, అందులో చిన్న తప్పు ఫలితాన్ని పెద్దగా చెడగొడుతుంది.

ఆరుబయట నీటి మీద ఇదే రెండు వాయువుల ఉపాయాన్ని వాడారు. 1991లో వాట్సన్ బృందం ప్రచురించిన ఉత్తర సముద్రపు ప్రయోగంలో హీలియం-3, సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ రెండింటినీ నీటిలో కలిపి, అవి ఒకదాని కంటే ఒకటి ఎంత త్వరగా తప్పించుకుంటున్నాయో చూశారు. నీరు పలచబడడం రెండింటికీ సమానమే కాబట్టి, నిష్పత్తిలో వచ్చిన మార్పు గాలిలోకి పోయినదాన్నే చెబుతుంది. సముద్రాలకు ఎక్కువగా వాడే సూత్రాన్ని వానిన్‌ఖాఫ్ 1992లో ఇచ్చాడు: గాలి వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని వర్గం చేసి 0.31తో గుణిస్తే మార్పిడి వేగం గంటకు సెంటీమీటర్లలో. 2014లో ఆయనే ఆ గుణకాన్ని 0.251కి దించాడు. సెకనుకు 5 మీటర్ల గాలికి పాత లెక్క 7.8 చెబితే కొత్త లెక్క 6.3 చెబుతుంది. ఇరవై రెండేళ్ళకు వచ్చిన సవరణ అయిదో వంతు అంటే, ఒక్క తొట్టి నుంచి వచ్చిన అంకెను చిలికాకు అంటగట్టేవారు ఎంత జాగ్రత్తగా ఉండాలో వేరే చెప్పనక్కరలేదు. ఈ సూత్రం సముద్రం కోసం పుట్టింది. చిలికా లోతు తక్కువ. గాలి లేపిన కదలిక అడుగు దాకా తాకుతుంది, కలుపు మొక్కలు అలలను మింగుతాయి, వానాకాలంలో నదుల నీరు ఉప్పును పలచన చేస్తుంది. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త ముఖద్వారం తవ్విన తరువాత సరస్సులో ఉప్పు పెరిగింది, దానితో సంతృప్త స్థాయీ జరిగింది.

రైతు అడిగిన లెక్కకు ఇప్పుడు వెనక్కి రావచ్చు. ఫ్యాను తిప్పని చెరువుకు ఒకే అంకె చెప్పడం కుదరదు గానీ, హద్దు చెప్పవచ్చు. గాలి తక్కువగా ఉన్న రాత్రి మార్పిడి వేగం గంటకు 3 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉందనుకుంటే, పైన చూసినట్టు చదరపు మీటరుకు 0.12 గ్రాములు దిగుతుంది. 1.2 మీటర్ల లోతు చెరువులో రొయ్యలూ, ప్లాంక్టనూ (నీటిలో తేలే సూక్ష్మజీవులు), అడుగు బురదా కలిసి గంటకు లీటరుకు 0.3 మిల్లీగ్రాములు పీల్చుతున్నాయనుకుంటే, అది చదరపు మీటరుకు 0.36 గ్రాములు. రాబడికి మూడు రెట్లు ఖర్చు.

ఏరేటరు పెట్టె మీద రాసి ఉండే సామర్థ్యం కూడా ఇలాంటి తొట్టి నుంచే వస్తుంది. శుభ్రమైన నీరు, 20 డిగ్రీలు, సల్ఫైటు వేసి సున్నాకు దించిన ఆక్సిజన్. ఆ స్థితిలో గంటకు ఎన్ని కిలోలు దించగలదో అది. చెరువులో ఆక్సిజన్ సున్నా దగ్గర ఉండే దాకా ఎవరూ ఆగరు. 30 డిగ్రీల మంచినీటి చెరువులో డీఓ 4 దగ్గర ఉన్నప్పుడు మిగిలిన లోటు 9.09కి బదులు 3.56 మాత్రమే; వేడివల్ల పెరిగే వేగాన్ని కలిపినా పెట్టె మీది అంకెలో సగం మిగులుతుంది, ఉప్పునీటిలో సగం కన్నా తక్కువ. ఇదంతా కాగితం మీద వేసి చూపించాక ఆ రైతు అడిగిన రెండో ప్రశ్న మొదటిదానికంటే నాకు నచ్చింది: "మరి మధ్యాహ్నం డీఓ 10 దాటుతాది గదా మాస్టారూ, అప్పుడు ఫ్యాను తిప్పితే?" ఎండలో ప్లాంక్టన్ ఆక్సిజన్‌ను సంతృప్త స్థాయి దాటించినప్పుడు తేడా గుర్తు మారుతుంది, ఏరేటరు అదే కరెంటు తాగుతూ, ఆక్సిజన్‌ను నీటిలోంచి గాలిలోకి తోలుతుంది. నీటిని కలియదిప్పి అడుగుకు ఆక్సిజన్ చేర్చడానికి ఆ సమయంలో ఒకటి రెండు ఫ్యాన్లు వేసుకోవచ్చు గానీ, అన్నీ వేయడం దండగ అని చెప్పాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, పగలు ఎన్ని ఫ్యాన్లు ఆపవచ్చో వేళ్ళ మీద లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాడు.